బోర్డు మీద అకౌంటెంట్.. పని డిటెక్టివ్‌ది!

ఆఫీసు ఉంది. అర్హత ఉంది. పని మీద ఇష్టమూ ఉంది. లేనిదల్లా తలుపు తట్టే క్లయింటే! కాలిఫోర్నియాలో ఓ షాపింగ్ సెంటర్ మేడ మీద కొత్తగా ప్రాక్టీస్ పెట్టిన ఆండీ బార్కర్ పరిస్థితి ఇది. ఆయన సీపీఏ. అంటే మన దగ్గర సీఏ ఎలాగో అమెరికాలో అలాగన్నమాట. ఈగలు తోలుకుంటూ కూర్చున్న టైమ్‌లో ఓ మహిళ లోపలికొచ్చి, కనిపించకుండా పోయిన తన భర్తను వెతికిపెట్టమంటుంది. సంగతేంటంటే, అంతకుముందు ఆ గదిలో లూ స్టేజియాక్ అనే ప్రైవేట్ డిటెక్టివ్ ఉండేవాడు. ఆయన రిటైరై వెళ్లిపోయాడు. ఆమెకు ఆ విషయం తెలియదు. ఆండీనే ఆ డిటెక్టివ్ అనుకుంది. చేతిలో పని లేని మన అకౌంటెంట్ ఆ కేసు పట్టుకుని రోడ్డెక్కుతాడు.

ఇదీ 'ఆండీ బార్కర్, పీఐ' అనే అమెరికన్ టీవీ కామెడీ కథ. 2007 మార్చి 15న ఎన్‌బీసీ చానల్లో మొదలైంది. ఏప్రిల్ 14న అయిపోయింది. మొత్తం ఆరంటే ఆరు ఎపిసోడ్లు. ఒక్కోటి ఇరవై రెండు నిమిషాలు వేసుకున్నా, అన్నీ కలిపితే మన తెలుగు సినిమా నిడివి కూడా రాదు. కెరియర్ పేజీలో ఈ సీరియల్ గోలేంటి అంటారా? ఉంది. క్యాంపస్ ప్లేస్‌మెంట్లు అయిపోయి, ఆఫర్ రాక, 'నా బ్రాంచ్ ఒకటి, వచ్చే ఉద్యోగాలు ఇంకొకటి' అని తల పట్టుకున్న వాళ్లకు ఈ ఆరు ఎపిసోడ్లు చాలా మోటివేషన్ వీడియోల కంటే బాగా పనికొస్తాయి. ఎందుకంటే ఆండీ డిటెక్టివ్‌గా వేషం మార్చడు. కోటు, టోపీ వేసుకోడు. ఆయనకు తెలిసింది పన్ను లెక్కలు, రసీదులు, ఖాతాలు. వాటితోనే కేసులు తేలుస్తాడు.

జట్టు చూస్తే నవ్వొస్తుంది

అమెచ్యూర్ డిటెక్టివ్ కామెడీ మనకు కొత్తేం కాదు. 1986లో జంధ్యాల 'చంటబ్బాయ్' తీశారు, మల్లాది వెంకట కృష్ణమూర్తి నవల ఆధారంగా. 2019లో నెల్లూరు నేపథ్యంగా 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ' వచ్చింది. వాటిలో హీరోకి తాను డిటెక్టివ్‌నని గట్టి నమ్మకం. మిగతా లోకానికే ఆ నమ్మకం కుదరదు. 'ఆండీ బార్కర్'లో ఇది తిరగబడింది. లోకం ఆయన్ని డిటెక్టివ్ అనుకుంటుంది, ఆయన మాత్రం 'నేను అకౌంటెంట్‌నండీ' అంటుంటాడు. నాకు ఈ సీరియల్ నచ్చడానికి అసలు కారణం ఇదే.

ఆండీగా నటించింది ఆండీ రిక్టర్. 1993 నుంచి 2000 దాకా కోనన్ ఓబ్రయన్ లేట్ నైట్ షోలో పక్కన కూర్చుని నవ్వించిన మనిషి. సొంతంగా ఎదగాలని ఆ షో వదిలి బయటికొచ్చాడు. ఫాక్స్ చానల్లో 'ఆండీ రిక్టర్ కంట్రోల్స్ ది యూనివర్స్' అని ఒకటి, 'క్వింటుప్లెట్స్' అని ఇంకొకటి చేశాడు. రెండూ ఎక్కువ కాలం నిలవలేదు. మూడో ప్రయత్నం ఈ డిటెక్టివ్ కామెడీ. దీన్ని సృష్టించింది ఎవరో కాదు, పాత బాస్ కోనన్ ఓబ్రయనే, జోనథన్ గ్రాఫ్ అనే రచయితతో కలిసి.

ఆండీకి తోడు సైమన్. అదే సెంటర్‌లో వీడియో క్యాసెట్ల షాపు నడుపుతుంటాడు. సినిమాలు చూసి చూసి, డిటెక్టివ్ పని అంటే చేజింగులు, చీకటి సందులు అనుకునే రకం. ఈ పాత్ర వేసిన టోనీ హేల్ తర్వాత 'వీప్' సీరియల్‌కు రెండు ఎమ్మీలు కొట్టాడు. కింద ఆఫ్ఘన్ రెస్టారెంట్ నడిపే వాలీగా మార్షల్ మనేష్ నటించాడు. 'హౌ ఐ మెట్ యువర్ మదర్' చూసినవాళ్లు గుర్తుపడతారు, అందులో కారు నడిపే రంజిత్ ఈయనే. సెప్టెంబర్ 11 దాడుల తర్వాత జనం ఏమనుకుంటారోనని వాలీ తన రెస్టారెంట్ నిండా అమెరికా జెండాలు పెట్టుకుంటాడు. జోక్‌గానే చూపించారు కానీ, పరాయి దేశంలో చిన్న వ్యాపారం పెట్టుకున్నవాడి భయం అందులో ఉంది. అమెరికాలో మనవాళ్లున్న ఇళ్లలో ఇది ఇంకాస్త బాగా అర్థమవుతుంది. ఇక రిటైరైన అసలు డిటెక్టివ్ స్టేజియాక్ పాత్ర హార్వ్ ప్రెస్నెల్‌ది. 'ఫార్గో' సినిమాలో మామగారిగా కనిపించిన నటుడు. ఆండీ సలహా కోసం వెళ్లినప్పుడల్లా పాతకాలపు మొరటు సలహాలే ఇస్తుంటాడు.

ఎపిసోడ్ల పేర్లు కూడా సరదాగా ఉంటాయి. పాత క్రైమ్ సినిమాల పేర్లను మెలితిప్పారు. హిచ్‌కాక్ 'డయల్ ఎం ఫర్ మర్డర్' కాస్తా 'డయల్ ఎం ఫర్ ల్యాప్‌టాప్' అయింది. 'ది బిగ్ స్లీప్'ను 'ది బిగ్ నో స్లీప్' చేశారు. 'త్రీ డేస్ ఆఫ్ ది కాండోర్' బదులు 'త్రీ డేస్ ఆఫ్ ది చికెన్'! మూల సినిమాలు తెలియకపోయినా కథ అర్థమవుతుంది. తెలిస్తే రెండుసార్లు నవ్వుకోవచ్చు.

ఇంతకీ ఎందుకు ఆగిపోయింది?

బాగోలేక మాత్రం కాదు. అమెరికా నెట్‌వర్క్ టీవీలో ఓ కామెడీ బతకాలంటే తొలి వారాల్లోనే రేటింగ్ రావాలి. ప్రకటనల రేటు ఆ రేటింగ్ మీదే ఆధారపడుతుంది. సీజన్ మధ్యలో, ఆరు ఎపిసోడ్ల ఆర్డర్‌తో వచ్చిన షోకు జనం అలవాటుపడేంత సమయం ఉండదు. నాలుగు ఎపిసోడ్లు గురువారాల్లో వేశారు. మిగిలిన రెండింటినీ ఒకే శనివారం రాత్రి వేసేశారు. అమెరికాలో శనివారం రాత్రి అంటే టీవీ ముందు జనం తక్కువగా ఉండే టైమ్. అక్కడికి పంపారంటే లెక్క తేలిపోయినట్టే.

పక్కనే ఇంకో ఉదాహరణ ఉంది. అదే ఎన్‌బీసీలో 2006 అక్టోబర్‌లో '30 రాక్' మొదలైంది. దానికీ మొదట్లో రేటింగులు అంతంతమాత్రమే. అయినా చానల్ ఓపిక పట్టింది. 2007 సెప్టెంబర్‌లో ఉత్తమ కామెడీ సిరీస్‌గా ఎమ్మీ వచ్చింది. 2013 దాకా ఏడు సీజన్లు నడిచింది. ఒకే సంస్థ, దాదాపు ఒకే కాలం, రెండు మంచి షోలు. ఒకదానికి టైమ్ దొరికింది, ఇంకోదానికి దొరకలేదు. 'టాలెంట్ ఉంటే చాలు' అని చెప్పేవాళ్లకు ఈ రెండు షోలనూ పక్కపక్కన పెట్టి చూపించాలనిపిస్తుంది.

టెక్ మనిషిగా నాకు ఆసక్తి కలిగించిన విషయం వేరే. టీవీలో ప్రసారానికి ముందే ఈ ఆరు ఎపిసోడ్లనూ ఎన్‌బీసీ తన వెబ్‌సైట్లో పెట్టేసింది. 2007 మార్చి నాటి సంగతి చెబుతున్నా. నెట్‌ఫ్లిక్స్ ఆన్‌లైన్‌లో వీడియో చూపించడం మొదలుపెట్టి అప్పటికి రెండు నెలలు. 'ఆండీ బార్కర్' తొలి ఎపిసోడ్ వచ్చిన వారానికే ఎన్‌బీసీ యూనివర్సల్, న్యూస్ కార్ప్ కలిసి ఓ వీడియో సైట్ పెడతామని ప్రకటించాయి. తర్వాత దాని పేరే హులు. సీజన్ మొత్తం ఒకేసారి వదిలే పద్ధతికి 'హౌస్ ఆఫ్ కార్డ్స్' పేరు చెబుతాం కదా, అది 2013. అంటే ఆరేళ్ల ముందే ఈ చిన్న కామెడీతో ఆ ప్రయోగం చేసి చూశారు. కాకపోతే వెబ్‌లో చూసినవాళ్లను రేటింగ్ లెక్కలో ఎలా కలపాలో అప్పటికి వ్యవస్థకే తెలియదు. ఆ ఏడాది నవంబర్‌లో హాలీవుడ్ రచయితలు సమ్మెకు దిగింది కూడా ఎక్కువగా ఈ ఆన్‌లైన్ ఆదాయంలో వాటా గురించే. వంద రోజులు సాగింది.

షో పోయాక రిక్టర్ ఏమయ్యాడు? 2009లో కోనన్ 'టునైట్ షో'కి వెళ్లినప్పుడు మళ్లీ ఆయన పక్కకే చేరాడు. ఆ ఏడాదే ఈ ఆరు ఎపిసోడ్లూ డీవీడీగా వచ్చాయి.

ఖాతా పుస్తకమే సాక్షి

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. అకౌంటెంట్ కేసులు తేల్చడం అనేది కామెడీ కోసం అల్లిన ఊహ కాదు. చరిత్రలో పేరుమోసిన నేరగాళ్లలో ఒకడు దొరికింది అకౌంటెంట్లకే.

షికాగో మాఫియా నాయకుడు అల్ కపోన్ మీద హత్యల ఆరోపణలు బోలెడు. ఒక్కటీ కోర్టులో నిలవలేదు. చివరికి 1931లో శిక్ష పడింది ఆదాయ పన్ను ఎగవేతకు. పదకొండేళ్ల జైలు, 50 వేల డాలర్ల జరిమానా. ఈ కేసు తేల్చినవాళ్లలో ముఖ్యుడు ఫ్రాంక్ విల్సన్ అనే పన్నుల శాఖ అధికారి. తుపాకీ పట్టుకుని తిరిగే రకం కాదు, కాగితాలు తిరగేసే రకం. ఎప్పుడో ఓ దాడిలో పట్టుకొచ్చి, ఎవరూ పట్టించుకోక బీరువాలో మూలుగుతున్న జూదశాల ఖాతా పుస్తకాలు ఆయన కంటపడ్డాయి. అందులో లాభాల పంపకం లెక్కలున్నాయి. ఆ చేతిరాత ఎవరిదో కనిపెట్టడానికి రకరకాల ఫారాల మీది రాతలతో పోల్చి చూశారు. చివరికి లెస్లీ షమ్‌వే అనే గుమస్తా దొరికాడు. ఆయన సాక్ష్యం కేసుకు ఆయువుపట్టు అయింది.

మన దగ్గరికొస్తే, హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకు 2009 జనవరి 7 గుర్తుండే ఉంటుంది. మీలో చాలామంది అప్పటికి చిన్నపిల్లలు. ఇంట్లో పెద్దవాళ్లను అడగండి. ఆ రోజు సత్యం కంప్యూటర్స్ చైర్మన్ రామలింగరాజు బోర్డుకు రాసిన లేఖ బయటికొచ్చింది. పుస్తకాల్లో చూపిస్తున్న నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేనే లేవన్నది దాని సారాంశం. తర్వాత దర్యాప్తులో బయటపడిన పద్ధతి చూస్తే కంప్యూటర్ సైన్స్ వాళ్లు కళ్లు పెద్దవి చేసుకుంటారు. కంపెనీ ఇన్వాయిస్ సాఫ్ట్‌వేర్‌లో 7,500కు పైగా దొంగ ఇన్వాయిస్‌లు చేర్చారు. వాటికి 'హైడ్' అనే అర్థంలో 'హెచ్' అని గుర్తు పెట్టారు. దాంతో ఆ ప్రాజెక్టులు చూసే అధికారులకు అవి కనబడవు, అమ్మకాల మొత్తంలో మాత్రం కలుస్తాయి. అంటే మోసం మొత్తం డేటాబేస్‌లో ఓ చిన్న ఫ్లాగ్ వెనక దాక్కుంది!

ఆడిటర్ల వైఫల్యం ఇంకా మామూలు విషయం దగ్గర జరిగింది. బ్యాంకులో డబ్బు ఉందా అన్నది నేరుగా బ్యాంకును అడిగి, జవాబు నేరుగా తెప్పించుకోవాలి. ఇది ఆడిట్‌లో ఓనమాలు లాంటిది. అది సరిగా చేయలేదని 2011లో అమెరికా నియంత్రణ సంస్థలు ఆడిట్ సంస్థకు జరిమానా వేశాయి. 2015 ఏప్రిల్‌లో హైదరాబాద్ ప్రత్యేక కోర్టు రాజుతో పాటు మొత్తం పది మందిని దోషులుగా తేల్చింది. వాళ్లు పైకోర్టులో అప్పీలు చేసుకున్నారు.

ఎఫ్‌బీఐలో పనిచేసిన అకౌంటెంట్ జోసెఫ్ వెల్స్ 1988లో మోస పరిశోధకుల కోసం ఏసీఎఫ్‌ఈ అనే సంఘం పెట్టారు. వాళ్లిచ్చే సీఎఫ్‌ఈ సర్టిఫికేషన్‌కు ఇప్పుడు మన దేశంలోనూ గుర్తింపు ఉంది. ఆ సంస్థ నివేదికల్లో పదేపదే పునరావృతమయ్యే అంశం ఒకటుంది. మోసాలు ఎక్కువగా బయటపడేది సాఫ్ట్‌వేర్ వల్లో ఆడిట్ వల్లో కాదు, ఎవరో ఒకరు చెప్పిన కబురు వల్ల. నలభై శాతానికి పైగా అలాగే దొరుకుతాయట. ఆండీ కూడా అంతే చూడండి. వీడియో షాపాయన, హోటలాయన చెప్పే మాటలే ఆయనకు సగం కేసు తేల్చిపెడతాయి.

ఉద్యోగాలు ఎక్కడున్నాయి?

'ఫోరెన్సిక్ అకౌంటింగ్' అనగానే సీఏలకే అనుకుంటారు. పెద్ద ఆడిట్ సంస్థల ఫోరెన్సిక్ టీముల్లో సీఏలకు ముందు వరుస ఉన్నమాట నిజమే. ఐసీఏఐ తన సభ్యుల కోసం ఫోరెన్సిక్ అకౌంటింగ్, ఫ్రాడ్ డిటెక్షన్ సర్టిఫికెట్ కోర్సు కూడా నడుపుతోంది. ప్రభుత్వం వైపు చూస్తే కంపెనీ వ్యవహారాల శాఖ కింద 2003లో ఏర్పాటైన ఎస్ఎఫ్ఐఓ ఉంది. 2013 కంపెనీల చట్టం దానికి చట్టబద్ధ హోదా ఇచ్చింది. గాంధీనగర్‌లోని నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీలో సైబర్, డిజిటల్ ఫోరెన్సిక్స్ చదువులున్నాయి.

కానీ ఫ్రెషర్లకు గేటు తెరిచి ఉండేది ఎక్కువగా ఇంకోచోట. మనీలాండరింగ్ నిరోధక చట్టం ప్రకారం అనుమానాస్పద లావాదేవీల గురించి బ్యాంకులు ఫైనాన్షియల్ ఇంటెలిజెన్స్ యూనిట్‌కు రిపోర్ట్ చేయాలి. 10 లక్షలు దాటిన నగదు లావాదేవీలైతే అనుమానం ఉన్నా లేకపోయినా చెప్పాల్సిందే. అందుకే కొందరు తెలివిగా 9 లక్షల 90 వేలు, మళ్లీ 9 లక్షల 80 వేలు అని ముక్కలుగా వేస్తుంటారు. నిజానికి ఒకదానికొకటి సంబంధం ఉన్న డిపాజిట్లు ఒకే నెలలో కలిపి 10 లక్షలు దాటినా లెక్కలోకి వస్తాయి. ఇలాంటి నమూనాలను సిస్టమ్ పట్టుకుని అలర్ట్ ఇస్తుంది. ఆ అలర్ట్‌ను ఓ మనిషి చూడాలి. ఖాతాదారు ఎవరు, వ్యాపారమేంటి, ఇది పత్తి సీజన్లో కమీషన్ ఏజెంటు ఖాతాలో మామూలుగా కనిపించేదా, లేక తేడాగా ఉందా అని తేల్చాలి. ఆ మనిషే ఏఎంఎల్ అనలిస్ట్. వెల్స్ ఫార్గో, హెచ్‌ఎస్‌బీసీ, జేపీ మోర్గాన్ లాంటి బ్యాంకులకు హైదరాబాద్‌లో పెద్ద కేంద్రాలున్నాయి. విదేశీ ఖాతాల మీద ఈ తరహా పని ఇలాంటి కేంద్రాల్లో జరుగుతుంటుంది. ట్రాన్సాక్షన్ మానిటరింగ్, కేవైసీ, ఫ్రాడ్ ఆపరేషన్స్ అని రకరకాల పేర్లతో నోటిఫికేషన్లు పడతాయి. బీకాం, బీబీఏ వాళ్లే కాదు, బీటెక్ వాళ్లూ అప్లై చేసుకునేవి చాలానే ఉంటాయి.

ఓ మాట దాపరికం లేకుండా చెప్పాలి. ఈ పని సినిమాలా ఉండదు. వచ్చే అలర్టుల్లో అత్యధికం ఉత్తవే. అద్దె డబ్బు, కూతురి పెళ్లి ఖర్చు, భూమి అమ్మిన సొమ్ము. రోజంతా 'ఇందులో ఏమీ లేదు' అని కారణాలతో సహా రాస్తూ కూర్చోవాలి. నైట్ షిఫ్టులూ ఉంటాయి. రెండేళ్లకు విసుగొచ్చి మానేసేవాళ్లు ఉన్నారు. అదే రెండేళ్లలో రూల్స్ రాసే టీముకో, డేటా వైపుకో మారి నిలదొక్కుకున్నవాళ్లూ ఉన్నారు. తేడా ఎక్కడ వస్తుందని అడిగితే నా సమాధానం రాత. ఏం జరిగింది, ఎందుకు అనుమానం, ఎందుకు కాదు అన్నది పది వాక్యాల్లో తేటగా ఇంగ్లిష్‌లో రాయగలిగితే ఆ టీముల్లో మీ విలువ వేరు. దానికి గ్రూప్ డిస్కషన్ ఇంగ్లిష్ అక్కర్లేదు. పోలీసు పంచనామాలా ఉంటే చాలు.

కోడింగ్ వచ్చినవాళ్లకు ఇంకో ఆయుధం ఉంది. 1881లో సైమన్ న్యూకూంబ్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఓ వింత గమనించాడు. లాగరిథమ్ పట్టికల పుస్తకాల్లో ముందు పేజీలు ఎక్కువగా నలిగిపోతున్నాయి. అంటే 1తో మొదలయ్యే అంకెలనే జనం ఎక్కువగా వెతుకుతున్నారు. 1938లో ఫ్రాంక్ బెన్‌ఫర్డ్ అనే భౌతిక శాస్త్రవేత్త నదుల విస్తీర్ణాల నుంచి రకరకాల లెక్కలు పోగేసి దీన్ని మళ్లీ చూపించాడు. సహజంగా పుట్టిన లెక్కల్లో దాదాపు 30.1 శాతం సంఖ్యలు 1తో మొదలవుతాయి. 2తో 17.6 శాతం. 9తో మొదలయ్యేవి 4.6 శాతమే. మనిషి కూర్చుని దొంగ బిల్లులు సృష్టిస్తే మాత్రం అన్ని అంకెలనూ ఇంచుమించు సమానంగా వాడేస్తాడు. దాంతో గ్రాఫ్ వంకర పోతుంది. ఈ సూత్రాన్ని అకౌంటింగ్ మోసాలకు అన్వయించి ప్రచారంలోకి తెచ్చింది మార్క్ నిగ్రిని అనే ప్రొఫెసర్. పైథాన్‌లో ఇరవై లైన్లు, ఎక్సెల్‌లో ఒకే ఒక్క 'లెఫ్ట్' ఫార్ములా చాలు. అన్నింటికీ పనిచేయదు, జాగ్రత్త. ఫోన్ నంబర్లకు, మార్కులకు, ఒకే ధర ఉన్న వస్తువుల బిల్లులకు ఇది వర్తించదు. వందల నుంచి లక్షల దాకా వ్యాపించిన మొత్తాలు కావాలి. గ్రాఫ్ వంకరగా ఉన్నంత మాత్రాన మోసం జరిగినట్టు కాదు, అక్కడ తవ్వి చూడమని అర్థం. ఇంటర్వ్యూలో బెన్‌ఫర్డ్ పేరు చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. అది ఎక్కడ పనిచేయదో చెప్పేవాళ్లు తక్కువ. ఆ రెండోది నేర్చుకుని వెళ్లండి.

మీ మీదా ఓ డిటెక్టివ్ ఉన్నాడు

జూనియర్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. 'అన్నా, రెండేళ్లు ఎక్స్‌పీరియన్స్ పెట్టుకుంటే కాల్స్ వస్తాయంటున్నారు, పెట్టుకోమంటావా?' అని. అమీర్‌పేటలో కోర్సు, కంపెనీ లెటర్, పేస్లిప్పులు, బ్యాంక్ స్టేట్‌మెంట్ అన్నీ కలిపి ప్యాకేజీగా అమ్మేవాళ్ల సంగతి అందరికీ తెలిసిందే. ఇంట్లో అప్పు చేసి మరీ కడుతున్నారు.

ఆండీ కథలో పేరు తారుమారైంది కదా, అలాగే మనమూ ఇంకెవరిలానో చూపించుకుంటే తప్పేంటి అని ఎవరికైనా అనిపించొచ్చు. తేడా ఉంది. ఆండీ బోర్డు మీద ఏముందో ఆయన అదే. ఆయన్ని చూసి ఎదుటివాళ్లు పొరబడ్డారు. నిజానికి ఆయన కూడా చట్టం ముందు పూర్తిగా శుద్ధుడేం కాదు. కాలిఫోర్నియాలో ప్రైవేట్ ఇన్వెస్టిగేటర్ లైసెన్స్ కావాలంటే మామూలుగా 6 వేల గంటల పరిశోధన అనుభవం చూపించాలి. సీరియల్ కాబట్టి ఆ విషయం పక్కన పెట్టేశారు. మన దేశంలో ప్రైవేట్ డిటెక్టివ్‌లకు లైసెన్స్ పెట్టాలని 2007లోనే రాజ్యసభలో బిల్లు తెచ్చారు, అది చట్టం కాలేదు.

ఇక మన దొంగ ఎక్స్‌పీరియన్స్ సంగతి. ఆఫర్ ఇచ్చాక కంపెనీ మీ వివరాలను బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ సంస్థకు పంపుతుంది. అక్కడ కూర్చున్నవాళ్లు చేసేది అచ్చం ఆండీ పనే. యూఏఎన్ తెరిచి చూస్తారు. మీరు చెప్పిన రెండేళ్లలో ఏ కంపెనీ పీఎఫ్ కట్టిందో, ఏ నెల నుంచి ఏ నెల దాకానో అందులో ఉంటుంది. ఫామ్ 26ఏఎస్ అడుగుతారు, జీతం మీద టీడీఎస్ కట్ అయిందా అని. పేస్లిప్‌లో పీఎఫ్ కోత చూపించి, యూఏఎన్‌లో ఆ ఊసే లేకపోతే అక్కడే దొరికిపోతారు. కంపెనీ అడ్రస్‌కు మనిషిని పంపుతారు. మీరు బీటెక్ మూడో ఏడాది పరీక్షలు రాస్తున్న నెలలోనే ఇంకోచోట ఫుల్‌టైమ్ చేసినట్టు తేదీలు పడితే ఇక చెప్పేదేముంది! కొన్నిసార్లు ఇదంతా చేరిన ఆరు నెలలకో, ఏడాదికో తేలుతుంది. అప్పుడు పోయేది ఉద్యోగం ఒక్కటే కాదు. రిలీవింగ్ లెటర్ ఉండదు, ఆ కాలాన్ని రెజ్యూమెలో ఎలా చూపించాలో తెలియదు, కట్టిన లక్షలు తిరిగిరావు. ప్యాకేజీ అమ్మినవాడు ఫోన్ ఎత్తడు.

ఇంకో సంగతి, ఈ వెరిఫికేషన్ సంస్థలే ఫ్రెషర్లను తీసుకుంటాయి. జీతం మొదట్లో తక్కువే. కానీ కాగితం చూడగానే ఎక్కడ తేడా ఉందో పసిగట్టే కన్ను అక్కడ వస్తుంది. ఆ కన్నుకే తర్వాత బ్యాంకులు, ఇన్సూరెన్స్ కంపెనీలు డబ్బులిస్తాయి.

హాస్టల్ మెస్ నుంచే మొదలుపెట్టొచ్చు

ఎక్స్‌పీరియన్స్ లేకుండా రెజ్యూమెలో ఏం రాయాలి అంటారా? కోర్సు కొనే ముందు ఓ పని చేసి చూడండి. మీ హాస్టల్లో మెస్ కమిటీ ఉంటుంది. వార్డెన్ గారిని, కమిటీ వాళ్లను అడిగి, ఒప్పుకుంటే ఒక సెమిస్టర్ బిల్లులు తీసుకోండి. ఎవరినో పట్టుకోవడానికి వచ్చామన్నట్టు కాకుండా, ఖర్చు ఎక్కడ తగ్గించొచ్చో చూస్తామని మర్యాదగా అడగండి. బిల్లులన్నీ ఎక్సెల్‌లోకి ఎక్కించండి. తేదీ, సరుకు, పరిమాణం, ధర, షాపు. ఒకే బిల్లు నంబర్ రెండుసార్లు వచ్చిందా? ఆదివారం మూసి ఉండే షాపు నుంచి ఆదివారం బిల్లుందా? సంక్రాంతి సెలవుల్లో హాస్టల్ సగం ఖాళీ అయిన వారంలో బియ్యం వాడకం ఎంత తగ్గింది? గ్యాస్ సిలిండర్లు తగ్గాయా? రెండూ కలిసి తగ్గాలి కదా, ఒకటి తగ్గి ఇంకోటి తగ్గకపోతే ఎందుకు? ఒక్కోసారి కారణం చాలా మామూలుగా ఉంటుంది. పండక్కి పిండివంటలు చేసి ఉంటారు, గ్యాస్ ఎక్కువే అవుతుంది. అది కూడా రాయండి. చివరికి రెండు పేజీల నోట్ తయారు చేయండి. ఏం చూశాం, ఏం తేలింది, ఏది తేలలేదు. పేర్లు తీసేసి, కమిటీకి చూపించి, అనుమతి తీసుకున్నాకే రెజ్యూమెలో ప్రాజెక్ట్‌గా పెట్టండి. ఇంటర్వ్యూలో అడిగితే మొదట గ్యాస్ సిలిండర్ల సంగతే చెప్పండి. బెన్‌ఫర్డ్ దాకా వెళ్లే అవసరం రాకపోవచ్చు.